లెక్క దొరికింది, బొమ్మ దొరకలేదు

బల్లపై బంతుల చరిత్ర – 9వ భాగం

గత భాగం రాల్ఫ్ గ్రీన్‌లీఫ్ వైభవంతో ముగిసింది. 1933లో ఆ గ్రీన్‌లీఫ్‌తో కలిసి బ్రన్స్‌విక్ కంపెనీ తరఫున ఊరూరా తిరిగి ప్రదర్శన ఆటలు ఆడిన 20 ఏళ్ళ కుర్రాడు ఒకడున్నాడు. పేరు విల్లీ మోస్కోనీ. ఫిలడెల్ఫియాలో తండ్రికి సొంతంగా ఒక పూల్ హాలు ఉండేది. కొడుకు ఈ ఆట జోలికి పోకూడదని ఆయన బంతులు దాచేసేవాడు. పిల్లవాడు వంటింట్లోంచి బంగాళాదుంపలు తెచ్చుకుని, చీపురు కర్రతో వాటిని కొట్టి సాధన చేసేవాడు. ఆ పిల్లవాడు 40 ఏళ్ళ వయసులో చేసిన ఒక పని, దాని చుట్టూ 65 ఏళ్ళపాటు నడిచిన వ్యాపారం ఈ భాగానికి వస్తువు.

1954 మార్చి 19. ఒహాయో రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణం, ఈస్ట్ హై బిలియర్డ్ క్లబ్. ఆ రాత్రి జరిగింది పోటీ కాదు, ప్రదర్శన ఆట. ఎదుట ఉన్నవాడు ఎర్ల్ బ్రూనీ అనే స్థానిక ఆటగాడు. మోస్కోనీ క్యూ కర్ర అందుకున్నాక అతనికి మళ్ళీ లేచి నిలబడే పని పడలేదు. గెలుపుకు కావలసిన పాయింట్లు ఎప్పుడో దాటిపోయాయి. అయినా మోస్కోనీ ఆపలేదు, జనం ఆపనివ్వలేదు. రెండు గంటలకు పైగా ఆట సాగింది. 527వ బంతి తప్పింది. అంటే వరసగా 526 బంతులు, ఒక్కటి కూడా గురి తప్పకుండా, చెప్పిన పాకెట్‌లోనే పడ్డాయి.

ఆ ఆట పేరు స్ట్రెయిట్ పూల్. మన పట్టణాల్లో స్నూకర్ పార్లర్లకు వెళ్ళేవాళ్ళకు ఎయిట్‌బాల్ తెలిసినంతగా ఇది తెలియదు కాబట్టి, నియమం రెండు ముక్కల్లో. బల్ల మీద 15 బంతులు. ఏ బంతిని ఏ పాకెట్‌లో వేస్తున్నాడో ఆటగాడు ముందే చెప్పాలి. పడిన ప్రతి బంతికీ ఒక పాయింట్. 14 పడ్డాక మిగిలిన ఒక్కదాన్ని అక్కడే ఉంచి, ఆ 14నూ మళ్ళీ త్రికోణంలో పేరుస్తారు. ఆ ఒంటరి బంతిని పాకెట్‌లో వేస్తూనే, తెల్ల బంతితో ఆ పేర్పును బద్దలు కొట్టాలి. తప్పేదాకా ఆటగాడి చేతిలోనే ఆట. మోస్కోనీ ఆ రాత్రి 37 పేర్పులు పూర్తిగా ఖాళీ చేసి, 38వ దాంట్లో ఇంకో 8 బంతులు వేశాడు.

సాధించడం ఒక ఎత్తు, సాధించినట్టు లోకాన్ని నమ్మించడం ఒక ఎత్తు. ఆట ముగిశాక చూసినవాళ్ళ చేత అఫిడవిట్ రాయించారు. 30 మందికి పైగా సాక్షులు సంతకాలు పెట్టారు. పొలం రిజిస్ట్రేషన్‌కు ఇద్దరు సాక్షులు చాలు. ఇక్కడ ఒక ఆటకు దానికి పదిహేను రెట్లు కావలసివచ్చారు! ఈ జాగ్రత్తకు కారణం మోస్కోనీ పేరుప్రతిష్ఠ ఒక్కటే కాదు. ఆయన బల్లలు తయారుచేసే బ్రన్స్‌విక్ కంపెనీ జీతం తీసుకుని ఊరూరా తిరిగేవాడు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆయన ఆడింది బ్రన్స్‌విక్ బల్ల మీదనే. 526 అన్న అంకెకు ఏదైనా విలువ ఉంటే, అది బల్ల అమ్మేవాడికి ఉంది. ఆ అంకె ఎవరూ కొట్టిపారేయలేనిదిగా ఉండాలి. అందుకే సంతకాలు.

ఆ బల్ల ఎనిమిది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్నది. పెద్ద పోటీల్లో వాడేది తొమ్మిదడుగుల బల్ల. తర్వాతి తరాలవాళ్ళు మోస్కోనీ రికార్డును తగ్గించి చెప్పాలనుకున్నప్పుడల్లా ఈ కొలతనే ముందుకు తెచ్చారు. కాగితం మీద సాక్షుల సంతకాలున్నాయి గానీ, పాకెట్లు ఎంత వెడల్పో, బంతులు ఎక్కడెక్కడ ఆగాయో, ఏ దెబ్బ ఎలా పడిందో ఆ కాగితం చెప్పదు.

కెమెరా ఎందుకు పెట్టలేదు? ఇప్పుడు అడిగితే సులువైన ప్రశ్న. 1954లో లెక్క వేరు. 16 మిల్లీమీటర్ల ఫిల్మ్ నిమిషానికి 36 అడుగులు తింటుంది. 400 అడుగుల రీలు 11 నిమిషాల్లో అయిపోతుంది. రెండు గంటల ఆటకు 4,300 అడుగులకు పైగా ఫిల్మ్, మధ్యమధ్య రీళ్ళు మార్చే మనిషి, ల్యాబ్‌లో కడిగే ఖర్చు, బల్ల మీద అంత వెలుగు పడేలా దీపాలు కావాలి. ఏ రాత్రి రికార్డు పడుతుందో ముందే తెలిసినవాడు మాత్రమే అంత ఖర్చు పెట్టగలడు. మోస్కోనీ ఏడాదిలో ఎన్నో ఊళ్ళలో ఆడేవాడు. ప్రతి ఊరికీ ఫిల్మ్ యూనిట్‌ను వెంట తీసుకుపోయే కంపెనీ లేదు. మరి వీడియో? ఆంపెక్స్ కంపెనీ పనికొచ్చే మొదటి వీడియో టేప్ యంత్రాన్ని లోకానికి చూపించింది 1956లో. దాని ధర 50,000 డాలర్లు. టీవీ సంస్థలు కొనుక్కోవలసిన సరుకది, పూల్ హాలు యజమాని కాదు. మోస్కోనీ రెండేళ్ళు ముందు పుట్టించిన రికార్డు అది.

సాక్షులు లేక రికార్డులు పోవడం ఈ ఆటల్లో కొత్త కాదు. 1907లో లండన్‌లో టామ్ రీస్ అనే ఇంగ్లీష్ బిలియర్డ్స్ ఆటగాడు రెండు బంతుల్ని మూల పాకెట్ నోటి దగ్గర ఇరికించి, వాటిని చెదరనివ్వకుండా తెల్ల బంతితో తాకుతూ పోయాడు. తాకినప్పుడల్లా రెండు పాయింట్లు. జూన్ 3న మొదలుపెట్టి జులై 6 దాకా, మొత్తం 85 గంటలకు పైగా ఆడి 4,99,135 పాయింట్లు చేశాడు. అవుట్ కూడా కాలేదు, అక్కడితో ఆపేశాడు. ఐదు లక్షలకు 865 తక్కువ! ఇంత చేస్తే దానికి అధికారిక గుర్తింపు రాలేదు. పత్రికలవాళ్ళు, ప్రేక్షకులు మొదటినుంచీ చివరిదాకా అక్కడ లేరన్నది అభ్యంతరం. అదే ఏడాది, అదే పద్ధతిలో విలియం కుక్ చేసిన 42,746 మాత్రం రికార్డు పుస్తకంలోకి ఎక్కింది. పదకొండో వంతు కూడా లేని పని గుర్తింపు పొందింది, ఎందుకంటే దాన్ని చూసినవాళ్ళున్నారు. నిజానికి రీస్ ఆటను ఐదు వారాలపాటు కూర్చుని చూడాలంటే చూసేవాడికి కూడా ఏదో ఒక బహుమతి ఇవ్వాలి.

మోస్కోనీ తర్వాత కూడా ఇదే జరిగింది. 1960లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో మైకేల్ యూఫీమియా అనే ఆటగాడు వరసగా 625 బంతులు వేశాడని చెప్పుకున్నారు. మోస్కోనీ కంటే 99 ఎక్కువ. అయితే మొదటి బంతి నుంచి ఆఖరి బంతి దాకా కళ్ళారా చూసిన మనిషి ఒక్కడూ దొరకలేదు. రికార్డు నిలవలేదు. స్ట్రెయిట్ పూల్ అభిమానులు తరాలపాటు వాదులాడుకునే విషయంగా మాత్రం అది మిగిలింది.

ఇంతకీ కెమెరా మోస్కోనీని పట్టించుకోలేదా అంటే, పట్టించుకుంది. మరో పనికి. 1961లో వచ్చిన ‘ది హస్లర్’ సినిమాకు ఆయన సాంకేతిక సలహాదారు. పాల్ న్యూమన్‌కు క్యూ కర్ర పట్టుకోవడం నేర్పింది ఆయనే. దగ్గరి షాట్లలో తెర మీద కనబడే చేతులు కొన్ని మోస్కోనీవే. పందెం డబ్బు పట్టుకుని నిలబడే చిన్న పాత్రలో మనిషి కూడా కనిపిస్తాడు. ప్రపంచంలో ఎవరూ చేయలేని పని చేసినప్పుడు ఆ చేతుల ముందు కెమెరా లేదు. న్యూమన్ చేతులుగా నటించడానికి మాత్రం వాటికి కూలి దొరికింది.

ఆ సినిమా ఇంకొకడికి బంగారు గని అయింది. రుడాల్ఫ్ వాండరోన్ అనే పందేల ఆటగాడు పెద్ద టోర్నమెంటు ఒక్కటీ గెలవలేదు. సినిమాలో మిన్నెసోటా ఫ్యాట్స్ అనే పాత్ర ఉంది. ఆ పాత్ర నన్ను చూసే రాశారని వాండరోన్ చెప్పుకున్నాడు. మూల నవల రాసిన వాల్టర్ టెవిస్ కాదన్నాడు. ఎవరు వింటారు? వాండరోన్ ఆ పేరు పెట్టుకుని, టీవీలో కబుర్లు చెప్పి, దేశంలో అందరికంటే ఎక్కువ పేరున్న పూల్ ఆటగాడైపోయాడు. 1978 ఫిబ్రవరి 14న ఏబీసీ టీవీ వాళ్ళు న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో ఇద్దరికీ ముఖాముఖి ఆట పెట్టారు. వ్యాఖ్యాత హోవార్డ్ కోసెల్. మోస్కోనీ సులువుగా గెలిచాడు, ఫ్యాట్స్ తన కబుర్లతో జనాన్ని నవ్వించాడు. ఆ ఏడాది ఏబీసీ వారి క్రీడా కార్యక్రమంలో ఎక్కువమంది చూసిన ప్రసారాల్లో అదొకటి. 526కు లేని బొమ్మ, ఇద్దరు రిటైరైన పెద్దమనుషుల సరదా పోటీకి దొరికింది. వ్యాపార దృష్టితో చూస్తే టీవీ చేసింది తప్పు కాదు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరికి మండుకొచ్చే తగవు గంటసేపు కూర్చోబెడుతుంది. ఒకే మనిషి వరసగా బంతులు వేసుకుంటూ పోతే పది నిమిషాలకు చానెల్ మారుతుంది.

ఈ సంగతి తెలుగు పాఠకుడికి దూరంగా అనిపిస్తే, 1983 జూన్ 18ని గుర్తు చేసుకోవచ్చు. టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వే మీద కపిల్‌దేవ్ చేసిన 175 పరుగుల్ని మన తరాలు రేడియోలో, పేపర్లో, నాన్నలు చెప్పిన మాటల్లో విన్నాయే గానీ చూడలేదు. బీబీసీ కెమెరాలు ఆ రోజు ఆ మైదానంలో లేవు. 38 ఏళ్ళ తర్వాత 2021లో ‘83’ సినిమా తీసినవాళ్ళు ఆ ఇన్నింగ్స్‌ను నటులతో మళ్ళీ ఆడించి చూపించారు. టేపు ఉండి ఉంటే ఆ సన్నివేశానికి అంత గిరాకీ ఉండేదా అన్నది అనుమానమే. కనబడని రికార్డుకు ఒక ధర ఉంటుంది. అది ఎవరి చేతికి పోతుందన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకు అందరికంటే ముందు జవాబు కనిపెట్టింది బ్రిటన్ టీవీ. ఆట పూల్ కాదు, స్నూకర్. మన జబల్పూర్‌లో 1875లో బ్రిటిష్ సైనికాధికారులు కాలక్షేపానికి కల్పించుకున్న ఆట అది. రంగురంగుల బంతులు. 1969లో బీబీసీ-2 కలర్ ప్రసారాల్ని జనానికి అలవాటు చేయడానికి ఏ కార్యక్రమం పెట్టాలా అని వెతుకుతుంటే, అప్పుడు ఆ చానెల్ అధిపతిగా ఉన్న డేవిడ్ అటెన్‌బరో స్నూకర్‌ను ఎంచుకున్నాడు. జంతువుల మీద సినిమాలు తీసే ఆ అటెన్‌బరోయే. ‘పాట్ బ్లాక్’ అనే ఆ కార్యక్రమం టీవీ సెట్లు అమ్మిపెట్టింది, ఆటగాళ్ళను ఇంటింటి మనుషుల్ని చేసింది.

స్నూకర్‌లో ఒక్క ఫ్రేమ్‌లో సాధారణంగా చేయగల గరిష్ఠ బ్రేక్, అంటే గురి తప్పకుండా ఒకే వంతులో సాధించే పాయింట్ల మొత్తం, 147. పదిహేను ఎర్రబంతుల్లో ప్రతిదాని తర్వాతా నల్లబంతి, చివర ఆరు రంగులు. జో డేవిస్ 1955 జనవరిలో లండన్‌లోని లెస్టర్ స్క్వేర్ హాల్లో చేసిన 147ను, ఆట నియమాల మీద రగడ పడి, పాలకమండలి రెండేళ్ళ దాకా గుర్తించలేదు. 1979 జనవరిలో స్లౌలో జరిగిన హోల్‌స్టన్ లాగర్ టోర్నమెంటులో జాన్ స్పెన్సర్ కూడా 147 కొట్టాడు. పాకెట్లు ప్రామాణిక కొలతకు లేవని దాన్ని అధికారికంగా లెక్కలోకి తీసుకోలేదు. అంతకంటే బాధ ఏమిటంటే, టోర్నమెంటును టీవీ కోసం చిత్రిస్తున్నారు గానీ ఆ సమయానికి కెమెరాలు తిరగడం లేదు. పేరు పెట్టుకున్న బీరు కంపెనీకి ఎప్పుడూ దొరకని ప్రచారం చేజారిపోయింది.

మూడేళ్ళు గడిచాయి. 1982 జనవరి 11, ఓల్డ్‌హామ్. లాడా క్లాసిక్. స్టీవ్ డేవిస్ టీవీ కెమెరాల ముందు 147 పూర్తి చేశాడు. టీవీలో నమోదైన మొదటి 147 అదే. ఎదురుగా కుర్చీలో కూర్చుని చూస్తున్న ప్రత్యర్థి ఎవరో తెలుసా? జాన్ స్పెన్సరే! డేవిస్‌కు దక్కిన బహుమతి ఒక లాడా కారు. సోవియట్ యూనియన్‌లో తయారై, బ్రిటన్‌లో చవక ధరకు అమ్ముడవుతూ జోకులకు ముడిసరుకుగా ఉన్న కారది. ఆ ఒక్క కారు ధరకు కంపెనీకి దక్కిందేమిటో చూడండి. స్నూకర్ చరిత్ర గురించి ఏ కార్యక్రమం వచ్చినా ఆ క్లిప్పు వేస్తారు, వేసిన ప్రతిసారీ లాడా పేరు పలుకుతారు. కంపెనీ బ్రిటన్‌లో కార్లు అమ్మడం మానేసిన తర్వాత కూడా పలుకుతూనే ఉన్నారు. స్పెన్సర్ 147కు బొమ్మ లేదు. డేవిస్ 147కు ఉంది. రెండింటి మధ్య తేడా ఆటలో లేదు, కెమెరాలో ఉంది.

1997లో షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్లో ప్రపంచ చాంపియన్‌షిప్. ఏప్రిల్ 21న రోనీ ఓ’సలివన్ మిక్ ప్రైస్ మీద 147 కొట్టాడు. అప్పుడు ప్రకటించిన సమయం 5 నిమిషాల 20 సెకన్లు. బహుమతి 1,47,000 పౌండ్లు, టోర్నమెంటులో అతిపెద్ద బ్రేక్ కొట్టినందుకు మరో 18,000. మొత్తం 1,65,000. తర్వాత ఎవరో టేపు మళ్ళీ చూసి, గడియారం మొదలుపెట్టిన చోటే తప్పని తేల్చారు. అసలు సమయం 5 నిమిషాల 8 సెకన్లు. రికార్డును సరిదిద్దింది కూడా టేపే. సెకనుకు 500 పౌండ్లకు పైగా వచ్చినట్టు లెక్క. ఐదు నిమిషాల్లో అయిపోయే ఈ అద్భుతం ఇంటర్నెట్‌కు అచ్చంగా సరిపోయే సరుకు. నేటికీ లక్షలమంది దాన్ని మళ్ళీమళ్ళీ చూస్తున్నారు.

డబ్బు విషయం రోనీకి బాగా తెలుసు. 2010 సెప్టెంబరులో గ్లాస్గోలో వరల్డ్ ఓపెన్‌లో మార్క్ కింగ్ మీద ఆడుతూ, బ్రేక్ మధ్యలో రిఫరీ యాన్ ఫర్హాస్‌ను 147కు బహుమతి ఎంత అని అడిగాడు. ప్రత్యేక బహుమతి లేదు, అతిపెద్ద బ్రేక్‌కు 4,000 పౌండ్లు మాత్రమే అని తెలిసింది. గులాబీ బంతి వేసి, చివరి నల్లబంతిని వదిలేసి ప్రత్యర్థికి చేయి అందించబోయాడు. ఫర్హాస్ బతిమాలితే అప్పుడు వేశాడు. 2016 వెల్ష్ ఓపెన్‌లో అయితే 10,000 పౌండ్ల బహుమతి చాలదని, కావాలనే నల్లబంతి బదులు గులాబీ వేసి 146తో ఆపేశాడు. పెద్దలు మండిపడ్డారు. అయితే ఆ రెండు క్లిప్పులూ చాలా 147ల కంటే ఎక్కువమంది చూశారు! టీవీ చూపిస్తున్న అద్భుతానికి ధర ఎవరు కట్టాలన్న గొడవను, బహుశా తెలిసే, రోనీ అందరి ముందూ పెట్టాడు. ఆయన చేసింది మర్యాద కాకపోవచ్చు, కానీ లెక్క తప్పు కాదు.

అసలు ఇంత పెద్ద బహుమతులు ఎవరిస్తారు? చాలాసార్లు బీమా సంస్థ. నిర్వాహకులు చిన్న ప్రీమియం కడతారు. ఎవరైనా ఆ ఘనకార్యం చేస్తే డబ్బు బీమా సంస్థ ఇస్తుంది, ఎవరూ చేయకపోతే ప్రీమియం దానికి మిగులుతుంది. ఇలాంటి పాలసీల్లో సామాన్యంగా షరతులు ఉంటాయి. బల్ల కొలత ఇంత ఉండాలి, పాకెట్లు ఇంత, సాక్షులు ఇందరు, మొత్తం వీడియో ఉండాలి. ఇక్కడ వీడియో ప్రచారానికి కాదు, దావాకు. స్ప్రింగ్‌ఫీల్డ్ అఫిడవిట్ చేసిన పనే కెమెరా చేస్తుంది.

1996లో టెక్సస్‌లోని డాలస్‌లో ఈ కథ నడిచింది. నైన్‌బాల్‌లో వరసగా పది ఫ్రేములు, అంటే ప్రతిసారీ బ్రేక్ చేసి బల్ల ఖాళీ చేస్తూ, ప్రత్యర్థికి వంతు రానీయకుండా గెలిచినవాడికి పది లక్షల డాలర్లని నిర్వాహకులు ప్రకటించారు. ఇది జరిగే పని కాదని లెక్కగట్టినవాళ్ళు అనుకుని ఉంటారు. టోర్నమెంటు మొదలైన కాసేపటికే ఎర్ల్ స్ట్రిక్‌లండ్ పది దాటి పదకొండు గెలిచాడు. ప్రేక్షకులు ఎగిరి గంతులేశారు. చెక్కు మాత్రం అంత తొందరగా రాలేదు. బహుమతిని 20 ఏళ్ళపాటు ఏడాదికి 50,000 డాలర్ల చొప్పున ఇవ్వాలన్నది ముందు చెప్పిన ఏర్పాటు. బీమా సంస్థ అభ్యంతరం పెట్టింది, వ్యవహారం న్యాయవాదుల చేతుల్లో పడింది, చివరికి రాజీతో ముగిసింది. పది లక్షల ఘనకార్యం అన్న పేరు మాత్రం ఆటగాడికి ఖాయమైంది.

ఆ రోజుల్లోనే పూల్ వీడియోకు ఒక చిన్న, స్థిరమైన బజారు ఏర్పడింది. ప్యాట్ ఫ్లెమింగ్ అనే ఆటగాడు న్యూజెర్సీ నుంచి అక్యు-స్టాట్స్ పేరుతో పెద్ద మ్యాచ్‌ల్ని రికార్డు చేసి, వ్యాఖ్యానం జోడించి, వీహెచ్‌ఎస్ క్యాసెట్లుగా అమ్మాడు. ఒక్కో ఆటగాడి తప్పుల్ని లెక్కగట్టి మార్కులు వేసే పద్ధతి కూడా ఆయనే పెట్టాడు. క్యాసెట్లు కొన్నవాళ్ళు సామాన్య ప్రేక్షకులు కారు. ఆట నేర్చుకునేవాళ్ళు. ఎవరు గెలిచారో ముందే తెలిసినా కొనేవారు, ఎందుకంటే వాళ్ళకు కావలసింది ఫలితం కాదు, తెల్ల బంతి ఎక్కడ ఆగిందన్నది. రికార్డు వీడియోకు బజారు ఉందా అని అడిగేవాళ్ళు మొదట గుర్తుంచుకోవలసిన తేడా ఇది. పాఠం అమ్ముడవుతుంది. అంకె తెలిసిపోతే కుతూహలం పడిపోతుంది.

ఇప్పుడు 2019. కాలిఫోర్నియాలోని మాంటెరీ. జాన్ ష్మిట్ అనే అమెరికన్, 2006లో యూఎస్ ఓపెన్ నైన్‌బాల్ గెలిచినవాడు. మోస్కోనీ రికార్డు బద్దలు కొట్టడమే పనిగా పెట్టుకుని, నెలల తరబడి, కెమెరా పెట్టుకుని, రోజూ గంటలు గంటలు ఒంటరిగా ఆడాడు. మే 27న 626 బంతులు పడ్డాయి. యూఫీమియా చేశాడని చెప్పుకున్న 625 కంటే ఒక్కటి ఎక్కువ! తొమ్మిదడుగుల బల్ల. 65 ఏళ్ళ రికార్డు పోయింది. మోస్కోనీకి లేనిది ష్మిట్‌కు ఉంది: వీడియో.

అయితే పూర్తి వీడియో వెంటనే ఇంటర్నెట్‌లోకి రాలేదు. కోరిన ప్రతివాడికీ చూపించలేదు. అభిమానుల్లో అలజడి రేగింది. ఒక పక్షం ఇలా అంది: ఇన్ని నెలల శ్రమ, ఖర్చు, ఊరికే ఎందుకు ఇవ్వాలి? సినిమా తీసినవాడు టికెట్ పెట్టుకోడా? రెండో పక్షం ఇలా అంది: చూపించని రికార్డును ఎందుకు నమ్మాలి? తెల్ల బంతి పాకెట్‌లో పడినా, చొక్కా తగిలి బంతి కదిలినా ఎవరికి తెలుస్తుంది? రెండు పక్షాల మాటల్లోనూ నిజముంది. వీడియో దాచితే ధర పెరుగుతుందన్న ఆలోచన వ్యాపారికి సహజం. కానీ ఇక్కడ సరుకు నమ్మకం. దాచిన కొద్దీ నమ్మకం తరుగుతుంది, తరిగిన నమ్మకానికి ఎవరూ టికెట్ కొనరు. పైగా గంటల నిడివి ఉన్న స్ట్రెయిట్ పూల్, చివర 626 అని ముందే తెలిసిన కథ. ఎంతమంది డబ్బు పెట్టి కూర్చుంటారు? ఆ ఆట కోచ్‌లకు, కుర్రాళ్ళకు పాఠంగా విలువైనదే. కుటుంబంతో చూసే వినోదం మాత్రం కాదు.

తర్వాతి మలుపు ఈ చిక్కును విప్పింది. 2022 జనవరిలో స్కాట్లండ్ ఆటగాడు జేసన్ షా 714 బంతులు వేశాడు. పేర్పులుగా చూస్తే సరిగ్గా 51. ఈసారి ఆట ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష ప్రసారంగా నడిచింది. రికార్డు పడకముందే జనం చూస్తున్నారు. ఆటలో ఫౌల్ పడిందా లేదా అన్న వాదన మొదలైతే, వాదించినవాళ్ళంతా అదే వీడియో మీద వాదించారు. ష్మిట్ వీడియో చుట్టూ జరిగిన తగవు చూడనివ్వడం గురించి. షా వీడియో మీద తగవు చూసినదాని గురించి. రెండోది ఆటకు మేలు.

తేడా ఎక్కడుందో లెక్కవేస్తే తేలిపోతుంది. పడిపోయిన రికార్డు టేపుకు ధర తక్కువ, పడుతుందో లేదో తెలియని గంటకు ధర ఎక్కువ. మూడు వందల దగ్గర తప్పిన రోజులు, నాలుగు వందలు దాటాక చేయి వణికిన రోజులు కూడా ప్రసారంలో ఉన్నప్పుడు ప్రేక్షకుడు మళ్ళీ వస్తాడు. ఒక్క విజయాన్ని అమ్మాలంటే ఒక్కసారే అమ్మగలం. వందల వైఫల్యాలను మాత్రం రోజూ అమ్మవచ్చు. మోస్కోనీ ఊరూరా తిరిగిన ప్రదర్శనల్లో బ్రన్స్‌విక్ చేసింది సరిగ్గా ఇదే. టికెట్ కొన్నవాడు 526 చూస్తానని రాలేదు, ఈ రాత్రి ఏమవుతుందో చూద్దామని వచ్చాడు.

ఈ చరిత్రలో డబ్బు ఎవరికి చేరిందో వరసగా చూస్తే ఒక చేదు నిజం తేలుతుంది. 526 బల్లల కంపెనీకి పేరు తెచ్చింది. 147 ఒక కారు కంపెనీకి, స్పాన్సర్లకు, టీవీ చానెళ్ళకు పనికొచ్చింది. క్యాసెట్ తీసినవాడి దుకాణం నడిచింది. వీటి మధ్య ఆటగాడికి నేరుగా టేపు మీద వచ్చింది అన్నిటికంటే తక్కువ. 1997 నాటి రోనీ దీనికి మినహాయింపు, అదీ ముందే రాసి పెట్టిన బహుమతి ఉన్నందువల్ల. రికార్డు బద్దలు కొట్టాలనుకునే ఆటగాడు కెమెరా పెట్టించేముందు ఒప్పందం రాయించుకోవాలి. ప్రసార హక్కు ఎవరిది, మళ్ళీ చూపిస్తే వాటా ఎంత, పేరు వాడుకుంటే ఎంత. స్ప్రింగ్‌ఫీల్డ్ రాత్రి సాక్షుల చేత సంతకాలు పెట్టించినవాళ్ళు ఈ కాగితం మాత్రం రాయించలేదు.

మోస్కోనీ 1993 సెప్టెంబరులో చనిపోయాడు. మరుసటి ఏడాదే మ్యాచ్‌రూమ్ సంస్థ అమెరికా, యూరప్ ఆటగాళ్ళ మధ్య ఒక టీవీ పోటీ ప్రారంభించి దానికి మోస్కోనీ కప్ అని పేరు పెట్టింది. జేసన్ షా ఆడేది యూరప్ తరఫున. ఆ పోటీలో ఆడే ఆట మాత్రం మోస్కోనీ ఏలిన స్ట్రెయిట్ పూల్ కాదు, నైన్‌బాల్. కొద్ది నిమిషాల్లో ఒక ఫ్రేమ్ తేలిపోతుంది, మధ్యలో ప్రకటనలకు చోటు దొరుకుతుంది. ఆ కప్పు ఎలా పెద్దదైందో, అరుపులతో కిక్కిరిసిన ఆ హాళ్ళను టీవీ ఎలా తయారుచేసుకుందో వచ్చే భాగంలో.